యూరియా బస్తాలో బొగ్గుపులుసు వాయువు

2009లో కాకినాడ నాగార్జున ఎరువుల కర్మాగారంలో ఒక కొత్త విభాగం పనిలోకి వచ్చింది. రిఫార్మర్ కొలిమి పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను, పాత పాఠ్యపుస్తకాల మాటలో బొగ్గుపులుసు వాయువును, వేరుచేయడం దాని పని. సామర్థ్యం రోజుకు 450 టన్నులు. పరిజ్ఞానం జపాన్‌లోని మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్‌ది. చల్లార్చిన పొగను అమీన్ జాతి ద్రావణంతో కడుగుతారు. ద్రావణం బొగ్గుపులుసు వాయువును పట్టుకుని తక్కిన వాయువులను పోనిస్తుంది. తర్వాత ఆవిరితో వేడిచేస్తే పట్టుకున్నదాన్ని విడిచి, మళ్ళీ కడగడానికి సిద్ధమవుతుంది.

ఇంత శ్రమ వాతావరణం కోసం కాదు, యూరియా కోసం. సహజవాయువు నుంచి అమ్మోనియా తీసేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువు ఆ అమ్మోనియా మొత్తాన్ని యూరియాగా మార్చడానికి చాలదు. కార్బన్ పాలు ఎక్కువున్న నాఫ్తాతో ఈ కొరత ఉండదు. అయితే 2006 అక్టోబరు నుంచి అమలైన యూరియా ధరల విధానం నాఫ్తా కర్మాగారాలను గ్యాస్‌కు మారమంది. 2009 ఏప్రిల్లో కేజీ-డీ6 గ్యాస్ కాకినాడ దగ్గరి గాడిమొగకు చేరింది. కేటాయింపుల్లో యూరియాకే పెద్దపీట. ఉత్పత్తి ఖర్చుకూ రైతు కట్టే ధరకూ మధ్య తేడాను కేంద్రమే భరిస్తుంది. అంటే గోదావరి డెల్టాలో కర్బన సంగ్రహణ, అంటే బొగ్గుపులుసు వాయువును పట్టే పని, వెనక సర్కారు సొమ్ము ఉంది. కాకపోతే అది ఎరువుల సబ్సిడీ పద్దులో ఉంది.

రసాయన లెక్క ప్రకారం 45 కిలోల బస్తా యూరియా తయారీకి 33 కిలోల బొగ్గుపులుసు వాయువు కావాలి. కోనసీమ రైతు వరి మడిలో నీరు తీసి పైపాటుగా ఆ బస్తా చల్లాడంటే, నేలలోని యూరియేజ్ ఎంజైము కొద్ది రోజుల్లోనే దాన్ని విడగొడుతుంది. నత్రజని పైరుకు, బొగ్గుపులుసు వాయువు చాలావరకు తిరిగి గాలికి. పట్టడం జరిగింది గాని, దాచడం జరగలేదు.

దాచే చోటు గురించిన ఆలోచన హైదరాబాదులో సాగింది. 2007 జనవరిలో అక్కడి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఈ విషయం మీద అంతర్జాతీయ కార్యశాల జరిగింది. దక్కన్ నల్లరాతిలో (బసాల్టులో) ఈ వాయువును నిల్వ చేయవచ్చా అని ఆ సంస్థ ఎన్‌టీపీసీతోనూ, ఒక అమెరికా జాతీయ ప్రయోగశాలతోనూ కలిసి పరిశీలించింది. నల్లరాతిలోని కాల్షియం, మెగ్నీషియం నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువుతో కలిసి గట్టి కార్బనేట్లుగా మారతాయి. ఐస్‌లాండ్‌లో 2012లో భూమిలోకి పంపిన వాయువులో 95 శాతానికి పైగా రెండేళ్ళలోపే రాయైపోయిందని 2016లో తేలింది.

ఆ జాతి రాయి డెల్టాకు కొత్త కాదు. రాజమండ్రి దగ్గర కాటేరులో, గోదావరి అవతల పంగిడి క్వారీల్లో కంకరకు కొట్టేది అదే. డెల్టా ఒండ్రు కింద చమురు బావులకు లోతున తగిలిన లావాకు భూగర్భ శాస్త్రజ్ఞులు రాజోలు పేరే పెట్టారు. అయితే అక్కడ నిల్వ కుదురుతుందో లేదో ఆ చోటనే పరీక్షించి తేల్చాలి. పాసర్లపూడి గ్యాస్ బావి 1995 జనవరి 8 నుంచి మార్చి 15 దాకా మండడం చూసిన ఊళ్ళు, కిందికి పంపింది కిందనే ఉంటుందా అని అడగకుండా ఊరుకోవు.

నిధులు ఇప్పుడు కర్బన సంగ్రహణ పేరుతోనే వస్తున్నాయి. 2022లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ బొంబాయి ఐఐటీలోనూ, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలోనూ కర్బన సంగ్రహణకు జాతీయ కేంద్రాలను ప్రకటించింది. 2026-27 బడ్జెట్టు విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, రిఫైనరీలు, రసాయనాల రంగాల్లో ఈ పనికి ఐదేళ్ళలో 20,000 కోట్ల రూపాయలు ప్రతిపాదించింది. శిక్షణ మాటకొస్తే, విశాఖలోని భారత పెట్రోలియం, ఇంధన సంస్థకు 2017లోనే 655.46 కోట్లు మంజూరయ్యాయి. రాజమండ్రి కేంద్రంగా ఓఎన్‌జీసీ సిబ్బంది దశాబ్దాలుగా బావి తవ్వడం, గొట్టం చుట్టూ సిమెంటు నింపడం, పొరల పీడనం కొలవడం చేస్తూనే ఉన్నారు. కింద ఉన్నదాన్ని పైకి తీయడానికి నేర్చిన విద్య అది. పైనుంచి కిందికి పంపడానికీ అదే పునాది.

యూరియాకు కొనేవాడున్నాడు గనుక కాకినాడలో పట్టే యంత్రం వెలిసింది. భూమిలో దాచిన వాయువును బస్తాకెత్తి అమ్మలేం. ఆ ఖర్చుకు పద్దు తెరవాల్సింది సర్కారే.