తాడు తెగిన వెంటిలేటర్

వెంటిలేటర్ అనే మాటకు బళ్ళారి వైపు మొన్నమొన్నటి దాకా ఒకటే అర్థం. తలుపు మీద, పైకప్పుకు మూరెడు కింద, ఇరుసు మీద తిరిగే చిన్న కిటికీ. తాడు లాగితే తెరుచుకుంటుంది, ఆ తాడును కొక్కేనికి చుడితే అలాగే నిలబడుతుంది. 2020 తర్వాత ఆ మాట వింటే అందరికీ గుర్తొచ్చేది ఆస్పత్రి మంచం పక్కనుండే యంత్రమే. కిటికీ పేరు యంత్రానికి ఎలా పోయిందో చూడబోతే ఈ సరిహద్దు జిల్లా చరిత్ర కొంత కళ్ళబడుతుంది.

ముందు పాత ఇళ్ళ సంగతి. బళ్ళారి, ఆదోని, రాయదుర్గం ప్రాంతాల్లో మట్టిమిద్దెలే ఎక్కువ. మందపు గోడలు, పైన చౌడుమన్ను, వీధివైపు కిటికీలు అంతంతమాత్రం. పగలు వడగాలికి తలుపులు మూసుకోక తప్పదు. అయినా ఆ ఇళ్ళకు ఒక ముక్కు ఉండేది. అదే గవాచి. కప్పులో జానెడు బొక్క, వానొస్తే దానిమీద ఒక బండ. పొయ్యి పొగ, మనుషుల ఊపిరితో వేడెక్కిన గాలి పైకెక్కి అందులోంచి పోయేవి. ఆ ఖాళీలోకి వాకిట్లోంచి కొత్తగాలి వచ్చేది. రోగాలకు విరుగుడని దాన్ని ఎవరూ పెట్టలేదు, వెలుతురుకూ పొగకూ పెట్టుకున్నారు. ఇక నలుగురూ కూడే చోట్లంటే రచ్చకట్ట, గుడి మంటపం, సంత. వాటికి గోడలే లేవు. గోడల మధ్య వందమంది ఒకచోట ఊపిరి పీల్చే గది మన ఊళ్ళకు దాదాపు తెలియదు.

ఆ గదిని తెచ్చింది కుంపిణీ. 1800లో నిజాం దత్తమండలాలను అప్పగించాక మన్రో ఇక్కడ కలెక్టరుగా వచ్చాడు. కోట కింద దండు దిగింది, దాన్ని ఆనుకుని కౌల్ బజార్ పెరిగింది. సిపాయిల బారకాసులు, జైలు, కచేరీ, బడి, ఆ తర్వాత రైలుపెట్టె, అన్నీ ఒకే శతాబ్దంలో వచ్చిపడ్డాయి. ఊపిరి ద్వారా పాకే జబ్బులకు ఇంతకన్నా వీలైన చోట్లు లేవు.

దీన్ని మొదట లెక్కగట్టింది వైద్యులు కూడా కాదు, లండన్‌లో కూర్చున్న ఫ్లారెన్స్ నైటింగేల్. హిందూదేశంలోని దండులన్నిటికీ ప్రశ్నపత్రాలు పంపించి, వచ్చిన జవాబులను గుదిగుచ్చింది. 1863లో రాయల్ కమిషన్ నివేదిక వెలువడింది. ఈ దేశంలోని తెల్ల సిపాయిలు యుద్ధం లేని రోజుల్లోనూ ఏటా వెయ్యికి 69 మంది చచ్చిపోతున్నారని అందులో తేలింది. మురుగు, నీళ్ళు, కిక్కిరిసిన బారకాసులు, వీటినే ఆమె తప్పుపట్టింది. చెడ్డ వాసనే రోగమని ఆమె నమ్మకం. సిద్ధాంతం తప్పు, తెరిపించిన కిటికీ మాత్రం ఒప్పు. ఎత్తైన కప్పులు, ఎదురెదురు తలుపులు, చుట్టూ వసారా, కప్పు కింద వెంటిలేటర్లు అప్పటినుంచీ సర్కారు కట్టడాలకు ఆనవాయితీ అయ్యాయి. ఆ గాలి మొదట తెల్లసిపాయి కోసమే అన్నది మరిచిపోకూడదు. ఖైదీకి అందాలంటే ఇంకా చాలా కాలం పట్టింది.

ఎంత కాలమో 1921 చెబుతుంది. ఆ ఏడు నవంబరు 19 రాత్రి మలబారులోని తిరూరు స్టేషన్లో వందమంది మోప్లా తిరుగుబాటు ఖైదీలను ఒక సామాను పెట్టెలోకి ఎక్కించి, బళ్ళారి జైలుకని పంపారు. పోదనూరులో తలుపు తీసేసరికి లోపల శవాలు. చివరికి లెక్క 70కి చేరింది. గాలి రావడానికి ఆ పెట్టెకు సన్న తీగజల్లెడ అమర్చి ఉంది. రంగు, దుమ్ము పేరుకుని అది పూర్తిగా పూడిపోయిందని విచారణ సంఘం తేల్చింది. ఇది అంటురోగం కథ కాదు, ఊపిరాడక చచ్చిపోయినవాళ్ళ కథ. అయినా ఈ వ్యాసంలో దాన్ని వదలలేను. వెంటిలేటర్ ఉందని కాగితం మీద రాసుకోవడం వేరు, దాంట్లోంచి గాలి రావడం వేరు అనడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు దొరకలేదు.

ఈలోగా వైద్యం దారి మార్చుకుంది. 1882 మార్చి 24న కోఖ్ క్షయ క్రిమిని చూపించాడు. దుర్వాసన సిద్ధాంతం కూలింది. అది కూలుతూ కూలుతూ గాలినీ వెంట తీసుకుపోయింది. 1910లో చార్లెస్ చాపిన్ అనే అమెరికన్ ఆరోగ్యాధికారి, జబ్బులు ముట్టుకోవడం వల్లా, దగ్గరగా పడే తుంపర్ల వల్లా అంటుకుంటాయి తప్ప గాలిలో దూరాలు పోవడం అరుదని పుస్తకం రాశాడు. చేతులు కడుక్కోమన్న ఆయన మాట మంచిదే, కానీ గాలిని పక్కకు నెట్టిన మాట నూరేళ్ళు రాజ్యమేలింది. 1930లలో విలియం వెల్స్, తుంపర ఎండిపోగా మిగిలే సూక్ష్మ కణం గంటల తరబడి గాలిలో తేలుతుందని చూపించినా, 1950ల చివర బాల్టిమోర్‌లో రైలీ క్షయరోగుల వార్డు గాలిని గినీపందుల మీదికి పంపి వాటికి క్షయ అంటించినా, పెద్దల మనసు మారలేదు.

క్షయ వైద్యులు మాత్రం గాలిని వదల్లేదు. మందు లేనివాళ్ళకు గాలే మందు. బళ్ళారి కంటోన్మెంటులో వెల్లస్లీ పేరున్న టీబీ ఆస్పత్రి ఉంది. మొత్తం సీమకు పెద్దదిక్కు అనదగ్గది మాత్రం మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో అక్కడ శానిటోరియం నడిపించాయి, డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాని బాధ్యత తీసుకున్నాడు. పొడి వాతావరణం, చెట్లు, ఎడమెడంగా వార్డులు. రోగికి అది ఎంత మేలు చేసిందన్నది వాదించదగ్గ విషయమే. పక్కవాడికి అంటకుండా చేసిన మేలు మాత్రం గట్టిది.

ఆ తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన మన దేశం గర్వపడాల్సిందే. ఇరుకు ఇళ్ళ పేదరోగులు ఇంట్లోనే ఉండి మాత్రలు మింగినా శానిటోరియంలో ఉన్నవాళ్ళతో దాదాపు సమానంగా కోలుకున్నారని, ఇంటివాళ్ళకు జబ్బు అదనంగా అంటలేదని అది రుజువు చేసింది. ప్రపంచమంతటా శానిటోరియాల తలుపులు మూతపడ్డాయి. నా ఫిర్యాదు ఆ పరిశోధన మీద కాదు. మాత్ర వేసుకున్న రోగికి కిటికీ అక్కర్లేదంటే, ఇంకా జబ్బే బయటపడని రోగి కూర్చునే గదికి కూడా అక్కర్లేదని మనం అనుకున్నాం. పెద్దాస్పత్రి ఓపీ బెంచీ మీద దగ్గుతూ కూర్చునేది అతనే.

1953 అక్టోబరు 1న జిల్లా చీలి, బళ్ళారి మైసూరులోకీ ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకీ పోయాయి. రోగులు మాత్రం చీలలేదు. 1961లో మొదలై చాలాకాలం విమ్స్ అని పిలవబడిన వైద్యకళాశాల ఆస్పత్రికి ఇవాళ్టికీ సరిహద్దు అవతలి నుంచి వస్తారు. ఓపీ వరసలో తెలుగు, కన్నడం, ఉర్దూ దగ్గులు కలిసే వినిపిస్తాయి.

కిటికీ మూతపడటానికి ఈ జిల్లాలో ఇంకో కారణం ఎర్రదుమ్ము. సండూరు, హోసపేట గనుల నుంచి లారీలు బారులు తీరిన ఆ సంవత్సరాల్లో రోడ్డుపక్క బడులూ దుకాణాలూ తలుపులు బిగించుకున్నాయి. 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్ళారిలో గనుల తవ్వకం ఆపేసే నాటికి తెరవకపోవడం అలవాటైపోయింది. తర్వాత ఏసీలు వచ్చాయి. గోడకు తగిలించే మామూలు ఏసీ బయటిగాలిని లోపలికి తేదని, ఉన్న గాలినే చల్లబరచి తిప్పుతుందని ఎంతమందికి తెలుసు? చల్లదనం పోతుందని వెంటిలేటర్లకు అట్టముక్కలు కొట్టారు. బ్యాంకులు, ట్యూషన్ సెంటర్లు, జీన్స్ కుట్టే చిన్న గదులు, అన్నీ అంతే.

కేంద్ర ఆరోగ్యశాఖ 2010లో ఆస్పత్రుల్లో గాలి ద్వారా అంటే జబ్బుల నివారణకు మార్గదర్శకాలు తెచ్చి, ఆంధ్రప్రదేశ్‌తో సహా మూడు రాష్ట్రాల్లో ప్రయత్నించి చూసింది. కాగితం మంచిదే. అంతకు మూడేళ్ళ ముందే లిమా నగరపు ఆస్పత్రుల్లో కొలిచి చూస్తే, ఎత్తు కప్పులు, పెద్ద కిటికీల పాత వార్డుల్లోనే గాలి బాగా మారుతోందని, కొత్త కట్టడాలు వాటి వెనకే ఉన్నాయని తేలింది. మన తాతల నాటి సర్కారు ఆస్పత్రి కట్టడాన్ని కూలగొట్టే ఇంజనీరు ఈ మాట వినాలి.

కోవిడ్ వచ్చింది. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇది గాలి ద్వారా వచ్చేది కాదని ప్రకటించింది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు కాదు, గాలిదే అన్నారు. మనం అప్పటికి కూరగాయలు సబ్బుతో కడుగుతున్నాం. 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం, సూక్ష్మ కణాలు 10 మీటర్ల దాకా పోగలవని, కిటికీలు తెరవమని చెప్పింది. అదే నెలలో బళ్ళారి జిల్లా తోరణగల్లులో ఉక్కు కర్మాగారం పక్కన వెయ్యి పడకల తాత్కాలిక ఆస్పత్రి లేచింది. కర్మాగారం నుంచే పైపు వేసి ఆక్సిజన్ ఇచ్చారు. ఆ పనిని తక్కువ చేయను. ప్రాణాలు నిలిపిన పని అది. అయితే గాలి విలువ మనకు తెలిసింది పైపులో వచ్చినప్పుడే.

ఇప్పుడు కొలవడం కష్టం కాదు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో 420 దాకా ఉంటుంది. గదిలో అది వెయ్యి, రెండు వేలు దాటుతుంటే ఒకరు వదిలిన ఊపిరినే ఇంకొకరు పీలుస్తున్నారని అర్థం. అరచేతిలో ఇమిడే మీటరు చాలు. మనిషికి సెకనుకు 10 లీటర్ల కొత్తగాలి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన ఎండకు కిటికీలు రోజంతా తెరవలేం, నిజమే. కానీ కూలర్ ఉంది. దాన్ని గదిలో కాక కిటికీకి బిగించి, ఎదుటి వెంటిలేటర్ తెరిచిపెడితే చల్లదనమూ వస్తుంది, గాలీ మారుతుంది. కిటికీ తెరవలేని హాళ్ళలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగాలి. దాని రెక్కల మీద జిడ్డు ఎన్నేళ్ళదో ఎవరైనా చూడాలి.

మీ పిల్లల బడికి వెళ్ళినప్పుడు తరగతి తలుపు మీదికి ఒకసారి చూడండి. వెంటిలేటర్ ఉంటే దానికి తాడుందేమో చూడండి. తెగి ఉంటే హెడ్మాస్టరుగారికి చెప్పి కొత్తది కట్టించండి.