నేలలో సూక్ష్మజీవుల అమరిక

నేలలోని బ్యాక్టీరియా, శిలీంధ్రాలు ఎక్కడెక్కడ, ఒకదానికొకటి ఎంత దూరంలో ఉంటాయన్న దాన్నిబట్టి వాటి పొత్తులూ పోటీలూ మారతాయి. పల్నాడు జిల్లా దాచేపల్లి ప్రాంతపు పత్తి, మిరప, కంది చేలలో జీవన ఎరువులు వాడే పద్ధతులు ఈ సూత్రాన్నే అనుసరిస్తాయి.

చరిత్ర

1683లో లీవెన్‌హుక్ పంటిపాచిలో గుంపులుగా ఉన్న సూక్ష్మజీవులను చూశాడు. తర్వాత చాలాకాలం ఎక్కువగా వాటి రూపాలను వర్ణించడంతోనే గడిచింది.

పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లోనే గాలిలోని నత్రజని స్థిరపడుతుందని 1886లో హెల్‌రీగెల్ ప్రకటించాడు. 1888లో బైజరింక్ ఆ బుడిపెల నుంచి బ్యాక్టీరియాను వేరుచేశాడు. వినోగ్రాడ్‌స్కీ గాజు గొట్టంలో బురద నింపి వెలుతురులో ఉంచితే, గాలి తగిలే పైభాగాన ఒక రకం, గాలి చొరని అడుగున మరో రకం రంగురంగుల పొరలుగా స్థిరపడ్డాయి. ఆక్సిజన్ సోకితే పెరగని క్లాస్ట్రీడియం అనే బ్యాక్టీరియా, ఆ ఆక్సిజన్‌ను వాడేసుకునే ఇరుగుపొరుగు ఉంటే నిక్షేపంగా పెరుగుతుందని కూడా ఆయనే గమనించాడు. 1904లో హిల్ట్‌నర్ వేరును అంటిపెట్టుకున్న మట్టికి రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు.

ఆపైన చాలాకాలం ప్రయోగశాలలు ఒక్కో జీవిని విడిగా పెంచడానికే మొగ్గు చూపాయి.

1998లో రైనీ, ట్రావిసానో సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బ్యాక్టీరియాను కదలని గొట్టాల్లో పెంచితే అది పలు రూపాలుగా చీలింది. కుదుపుతూ, అంటే అమరిక నిలవకుండా పెంచితే ఆ వైవిధ్యం కనిపించలేదు. 2002లో కెర్ బృందం చేసిన ప్రయోగం మరీ చక్కనిది. విషం తయారుచేసేది, దానికి లొంగేది, దాన్ని తట్టుకునేది అని మూడు రకాల ఇ.కోలి బ్యాక్టీరియాను తీసుకున్నారు. కదపని పళ్లెంలో మూడూ నిలిచాయి, కుదిపిన ఫ్లాస్కులో తట్టుకునేదొక్కటే మిగిలింది. 2008లో ఇస్మగిలోవ్ బృందం, అజటోబాక్టర్‌తో సహా మూడు నేల బ్యాక్టీరియాలను చిన్న చిన్న గదుల్లో ఉంచింది. గదులు మరీ దగ్గరైనా, మరీ దూరమైనా సమూహం నిలవలేదు. మధ్యస్థ దూరంలోనే మూడూ కలిసి బతికాయి.

పల్నాటి నేలలో

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. తడిసిన పెడ్డ పైన గాలి కోరే జీవులు, లోపల గాలి అక్కర్లేనివి ఉంటాయి. కంది విత్తనాలకు బెల్లం నీళ్లతో, వేరు బుడిపెల బ్యాక్టీరియా అయిన రైజోబియం పొడి పట్టించి, నీడన ఆరబెట్టి విత్తితే బ్యాక్టీరియా మొలక వేరుకు అందుబాటులో ఉంటుంది. ట్రైకోడెర్మా అనే శిలీంధ్రాన్ని నేరుగా చల్లకుండా 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తడిపి, వారం పదిరోజులు నీడన మాగబెడతారు. అలా మట్టిలోకి వెళ్లే శిలీంధ్రం తన ఆహారంతో సహా వెళ్లి, అక్కడి తెగుళ్ల శిలీంధ్రాలతో చోటుకు పోటీ పడుతుంది.