ఆపరేషన్ ఫ్రీ, మాత్రలు మాత్రం కొనుక్కోవాలి: ఆరోగ్యశ్రీ లిస్టు కథ

ఈ రోజు డైరెక్ట్‌గా ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. గుండెకి బైపాస్ చేయాల్సి వస్తే కార్డు ఉన్నవాళ్లకి ప్రభుత్వం కడుతుంది. అదే గుండె పాడవకుండా రోజూ వేసుకోవాల్సిన బీపీ మాత్ర ఉంది కదా, మెడికల్ షాపులో ఆ కార్డు చూపిస్తే ఎవరూ ఇవ్వరు. లక్షల ఖర్చుకి హామీ ఉంది, నెలకి రెండు మూడు వందల ఖర్చుకి లేదు. ఇలా ఎందుకైంది? ఎవరో కావాలని చేసిన కుట్రేం కాదు. దీనికి ఒక చరిత్ర ఉంది.

2004కి వెళ్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. అప్పుడు పేదింట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే మూడు దారులు. ఒకటి ఉస్మానియా, గాంధీ, కేజీహెచ్ లాంటి సర్కారు దవాఖానా. అక్కడ క్యూ, బెడ్ల కొరత. రెండోది అప్పు. మూడు రూపాయల వడ్డీ, ఐదు రూపాయల వడ్డీ, లేదంటే పుస్తెలతాడు తాకట్టు. మూడోది ముఖ్యమంత్రి సహాయ నిధి. ఈ మూడోదే మన కథకి అసలు పునాది.

సహాయ నిధి ఎలా పనిచేసేదంటే, ముందు ఆసుపత్రి దగ్గర ఎస్టిమేట్ రాయించుకోవాలి. తర్వాత ఎమ్మెల్యేనో, మండలంలో పలుకుబడి ఉన్న ఇంకెవరినో పట్టుకుని లెటర్ తెచ్చుకోవాలి. అది హైదరాబాద్ సెక్రటేరియట్‌కి చేరాలి. ఎల్‌ఓసీ వస్తే అదృష్టం. 2004 మే నుంచి 2007 మధ్య దాకా ఈ నిధి నుంచి 50 వేలకు పైగా కేసులకి సుమారు 168 కోట్లు ఇచ్చారు. చిన్న సంఖ్య కాదు. కానీ ఆలోచించండి, శ్రీకాకుళం జిల్లాలో మూలనున్న ఊరి నుంచి సెక్రటేరియట్ దాకా ఆ కాగితాన్ని తీసుకెళ్లగలిగింది ఎవరు? జబ్బు ఎంత సీరియస్ అన్నది కాదు, మనకి ఎవరు తెలుసు అన్నదే ముందుకొచ్చేది.

వైఎస్ రాజశేఖరరెడ్డి గారు స్వయంగా ఎంబీబీఎస్ డాక్టర్. ఈ దరఖాస్తుల కుప్పనే ఒక పథకంగా మార్చారు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం, ఈ మూడు జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008 జూలైకల్లా రాష్ట్రమంతా వచ్చేసింది. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది అయిపోతే ఇంకో 50 వేలు, మొత్తం 2 లక్షలు. మొదట ప్రీమియం ప్రభుత్వమే కట్టి స్టార్ హెల్త్ అనే ఇన్సూరెన్స్ కంపెనీతో నడిపించారు. 2008లో ఇంకొన్ని చికిత్సల్ని ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చూసుకోవడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకి ఇన్సూరెన్స్ కంపెనీ పూర్తిగా పక్కకి తప్పుకుంది.

ఇప్పుడు నాలోని పాత సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ కొంచెం బయటికొస్తాడు, భరించండి. ఆ కాలానికి ఆరోగ్యశ్రీ సిస్టమ్ డిజైన్ నిజంగా బాగుంటుంది. పేషెంట్ ఆసుపత్రికి రాగానే ఆరోగ్యమిత్ర అనే మనిషి కౌంటర్ దగ్గర ఉంటారు. కార్డు చూస్తారు, రిజిస్టర్ చేస్తారు. రిపోర్టులు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. అటువైపు డాక్టర్లు చూసి అప్రూవ్ చేస్తే ఆపరేషన్. పేషెంట్ ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఆపరేషన్, భోజనం, డిశ్చార్జ్ అయ్యాక 10 రోజుల మందులు, ఇంటికి వెళ్లే చార్జీలు, అన్నీ ఒకే ప్యాకేజీలో. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకి ఇరవై రూపాయలిచ్చి మెయిల్ చూసుకునే రోజుల్లో ఇది చేశారు.

కానీ ఆ సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది ఒక లిస్టు. ప్యాకేజీల లిస్టు. అందులో మీ చికిత్స ఉంటే అన్నీ ఫ్రీ, లేకపోతే కార్డుకి విలువ సున్నా. కోడింగ్ తెలిసినవాళ్లకి చెప్పాలంటే ఇది వైట్‌లిస్ట్. మొదట్లో కొన్ని వందల చికిత్సలు, తర్వాత తొమ్మిది వందల పైచిలుకు. గుండె, క్యాన్సర్, మెదడు, కిడ్నీ, కాలిన గాయాలు, యాక్సిడెంట్లు. అంటే సహాయ నిధికి ఏ దరఖాస్తులు వచ్చేవో ఇంచుమించు అవే. లిస్టు ఆ కుప్పలోంచే పుట్టింది. మోకాలి చిప్ప మార్పిడి, లివర్ మార్పిడి బయట పెట్టారు, ఖర్చెక్కువ కాబట్టి. మలేరియా, కామెర్లు, వాంతులు విరేచనాలు కూడా బయటే. అవి మామూలు ప్రభుత్వ ఆసుపత్రులు చూసుకుంటాయి కాబట్టి. బీపీకి, షుగర్‌కి నెలనెలా చూపించుకునే ఓపీ కూడా బయటే. సహాయ నిధికి షుగర్ మాత్రల కోసం ఎవరు దరఖాస్తు పెడతారు చెప్పండి?

ఆగండి, ఇది చెత్త పథకం అని నేను అనట్లేదు. ఇలాంటి ఇన్సూరెన్స్ మనుషుల ప్రాణాలు కాపాడుతుందా అంటే, కాపాడుతుంది. దానికి ఆధారం మన పక్క రాష్ట్రంలో ఉంది. మనల్ని చూసి కర్ణాటక వాళ్లు 2010లో వాజపేయి ఆరోగ్యశ్రీ పెట్టారు. పేరు కూడా మనదే తీసుకున్నారు. అది ముందు ఉత్తర కర్ణాటకలోనే మొదలైంది. దాంతో రీసెర్చర్లకి ఒక మంచి అవకాశం దొరికింది. సరిహద్దుకి ఇటు పథకం ఉన్న ఊళ్లు, అటు లేని ఊళ్లు, మొత్తం 572 గ్రామాలు. మనుషులు ఒకటే, వానలు ఒకటే, తిండి ఒకటే, కార్డు ఒక్కటే తేడా. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఫలితం ఏంటంటే, లిస్టులో ఉన్న జబ్బులతో పేదిళ్లల్లో చావులు పథకం ఉన్న వైపు 64 శాతం తక్కువ. కాబట్టి లిస్టులో ఉండడం, లేకపోవడం అనేది ఉత్త ఆఫీసు కాగితం గొడవ కాదు.

ఇక లిస్టుకి ఇంకో ముఖం చూద్దాం. డబ్బు ఏ చికిత్సకి వస్తుందో ఆసుపత్రి ఆ చికిత్సే ఎక్కువ చేస్తుంది. నెట్‌వర్క్ ఆసుపత్రులు ఊళ్లల్లో ఫ్రీ హెల్త్ క్యాంపులు పెట్టాలని రూలు ఉండేది. ఆలోచన మంచిదే. కానీ ఆ క్యాంపులే పేషెంట్లని వెతుక్కునే దారి కూడా అయ్యాయి. మొదటి ఏళ్లలో పథకం డబ్బులో పెద్ద వాటా ప్రైవేటు ఆసుపత్రులకే వెళ్లింది. అన్నిటికన్నా బాధగా అనిపించేది గర్భసంచి ఆపరేషన్ల విషయం. ముప్పై దాటని ఆడవాళ్లకి కూడా, మందులతో తగ్గే సమస్యలకి, గర్భసంచి తీసేశారని తెలంగాణ, ఆంధ్ర పల్లెల నుంచి వార్తలొచ్చాయి, మహిళా సంఘాలు గొంతెత్తాయి. చివరికి ప్రభుత్వం ఆ ఆపరేషన్‌ని ప్రైవేటు నుంచి తీసి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది. గమనించండి, ఆ అమ్మ మొదట వెళ్లింది కడుపునొప్పితో. మందులు వాడాలంటే చేతి డబ్బు. ఆపరేషన్ అంటే ఫ్రీ. ఆ ఊళ్లో మీరున్నా ఏం ఎంచుకుంటారు?

మళ్లీ బీపీ మాత్ర దగ్గరికి వద్దాం. దీని మీద ప్రపంచంలోనే పేరున్న ప్రయోగం ఒకటుంది. 1974 నుంచి 1982 దాకా అమెరికాలో రాండ్ అనే సంస్థ చేసింది. రెండు వేలకు పైగా కుటుంబాల్ని లాటరీ తీసినట్టు విడగొట్టారు. కొందరికి వైద్యం పూర్తిగా ఫ్రీ. మిగతావాళ్లకి బిల్లులో 25 శాతం, 50 శాతం, 95 శాతం దాకా చేతి నుంచి, ఏడాదికి ఒక హద్దు వరకు. చేతి నుంచి కట్టేవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గించారు. ఇది ఎవరైనా ఊహిస్తారు. కానీ వాళ్లు తగ్గించింది అనవసరమైన వైద్యం ఒక్కటే కాదు, అవసరమైనదీ అంతే తగ్గించారు. ఏది అవసరమో పేషెంట్‌కి ఎలా తెలుస్తుంది? సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా కనపడలేదు. తేడా కనపడింది పేదవాళ్లలో, అదీ ముందే జబ్బున్నవాళ్లలో. ఫ్రీగా చూపించుకున్న పేదల బీపీ బాగా అదుపులోకి వచ్చింది.

అంటే పేదవాడికి ఫ్రీ వైద్యం వల్ల తేలిగ్గా దొరికే లాభం బీపీలో ఉందని 1980లకే తెలుసు. మన కార్డు కట్టనిది సరిగ్గా అదే. ప్రభుత్వ పీహెచ్‌సీలో బీపీ మాత్రలు ఫ్రీనే కదా అంటారు. నిజమే. కానీ పీహెచ్‌సీకి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోవాలి, ఆటో చార్జీ కావాలి, వెళ్లాక మాత్రల స్టాక్ ఉండాలి. అందుకే పల్లెలో చాలామందికి ఫస్ట్ డాక్టర్ ఇప్పటికీ ఆర్‌ఎంపీనే. ఇంటికొస్తాడు, అరువు పెడతాడు. ఒక ఇంజెక్షన్ చేసి వెళ్తాడు. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ అదుపు తప్పి కిడ్నీలు దెబ్బతింటే, అప్పుడు కార్డు పనిచేస్తుంది. డయాలసిస్ ఉంది లిస్టులో.

ఈ గ్యాప్ ఉందని ప్రభుత్వాలకి తెలియక కాదు. ఆరోగ్యశ్రీ వచ్చిన రెండు మూడేళ్లలోనే 104 వ్యాన్లు దింపారు. నెలకోసారి ఊరికొచ్చి బీపీ చూసి, షుగర్ చూసి, మాత్రలిచ్చి వెళ్లేవి. నా దృష్టిలో ఆరోగ్యశ్రీ కన్నా తెలివైన ఐడియా అదే. కానీ వ్యాన్‌కి గ్లామర్ లేదు. గుండె ఆపరేషన్ అయిన పిల్లాడిని ఎత్తుకుని ఫొటో దిగొచ్చు. బీపీ 130కి దిగిన పెద్దాయనతో ఫొటో ఎవరు దిగుతారు?

ఇంకో ఆశ్చర్యం. ఓపీ, మందులతో సహా చూసుకునే ఇన్సూరెన్స్ మన దేశంలో 1952 నుంచే ఉంది. అదే ఈఎస్‌ఐ. ఆ ఏడాది ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో మొదలైంది. జ్వరమొస్తే డిస్పెన్సరీ, మాత్రలు, ఆపరేషన్, జబ్బుతో పనికి వెళ్లలేకపోతే జీతంలో కొంత భాగం కూడా. కాకపోతే అది ఉద్యోగికి ముడిపడింది. ఇప్పుడైతే నెల జీతం 21 వేల లోపు ఉండాలి, పేస్లిప్ ఉండాలి. కౌలు రైతుకి, ఇళ్లల్లో పనిచేసే అక్కకి పేస్లిప్ ఎక్కడిది?

ఇక మధ్యలో ఇరుక్కున్నవాళ్ల సంగతి, అంటే మీలో చాలామంది, నేను కూడా. మా ఇంట్లో తెల్లకార్డు లేదు. ఉద్యోగం చేసినన్నాళ్లు కంపెనీ పాలసీలో అమ్మానాన్నలు ఉండేవాళ్లు. వీడియోల కోసం రిజైన్ చేసిన రోజే ఆ కవర్ పోయింది. నాన్నకి షుగర్. సొంతంగా పాలసీ కోసం చూస్తే ప్రీమియం ఒక ఎత్తు, పాత జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ ఇంకో ఎత్తు. 2024లో ఐఆర్‌డీఏఐ దాన్ని నాలుగేళ్ల నుంచి మూడేళ్లకి తగ్గించింది, అదే పెద్ద ఊరట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. నీతి ఆయోగ్ 2021లో ఒక రిపోర్టు ఇచ్చింది. పేదల పథకాల్లోకి రాక, ఉద్యోగ ఇన్సూరెన్స్ లేక మిగిలిపోయినవాళ్లు దేశ జనాభాలో కనీసం 30 శాతం అని, దాదాపు 40 కోట్ల మంది అని అందులో ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ మా నాన్నని అడిగిన మొదటి ప్రశ్న, షుగర్ ఉందా. ఆరోగ్యశ్రీ కార్డు ఏ రోజూ ఎవరినీ ఆ ప్రశ్న అడగలేదు. ఆ ఒక్క విషయంలో ఆ పథకానికి నేను దండం పెడతాను.

ఆ తర్వాత జరిగింది స్పీడ్‌గా చెప్తాను. రాష్ట్రం విడిపోయింది. ఆంధ్రలో ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది, ఎన్టీఆర్ వైద్య సేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం మాత్రం ఆరోగ్యశ్రీ అనే అంటారు. 2018లో కేంద్రం 5 లక్షలతో ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. అదీ ఆసుపత్రిలో చేరితేనే. 2023 డిసెంబర్‌లో తెలంగాణ లిమిట్‌ని 10 లక్షలు చేసింది, అదే నెలలో ఆంధ్ర 25 లక్షలు చేసింది. వేలంపాట లాగా ఉంది కదా. వీటికన్నా నాకు నచ్చింది ఇంకోటుంది. 2020 జనవరిలో ఏలూరులో మొదలుపెట్టి, బిల్లు వెయ్యి రూపాయలు దాటితే చాలు కార్డు వర్తిస్తుందన్నారు. పై లిమిట్ పెంచడం కాదు, కింద గడప దించడం. అంతకు ముందు నెలలోనే ఆపరేషన్ అయినవాళ్లకి ఇంట్లో రెస్ట్ తీసుకునే రోజులకి రోజుకి 225 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు, నెలకి 5 వేలకి మించకుండా. కూలి మనిషికి మంచం మీద గడిపే రోజు కూడా ఖర్చే అని ఎవరో ఒకరు లెక్క వేశారన్నమాట.

లిమిట్ ఎంత పెరిగినా ఆసుపత్రికి ప్రభుత్వం టైమ్‌కి డబ్బు కట్టాలి. బకాయిలు పేరుకుపోయాయని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తామనడం రెండు రాష్ట్రాల్లోనూ మళ్లీ మళ్లీ చూస్తున్నాం. ఆ రోజుల్లో 25 లక్షల కార్డు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డ పేషెంట్, 2004లో ఎస్టిమేట్ కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషి, ఇద్దరూ ఒకే చోట ఉంటారు. ఎమ్మెల్యే ఫోన్ నంబర్ ఎవరి దగ్గరుందా అని వెతుక్కుంటూ.

ఈ ఎపిసోడ్ ఇంతే. వచ్చే వారం 108 కథ చెప్పుకుందాం. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ అంబులెన్స్ వెనక ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓనర్ ఉన్నాడు. ఎవరో మీకు తెలిసే ఉంటుంది.