హార్మోన్ లూప్ కథ: బెర్లిన్‌లో మొదలై, హెల్సింకిలో తయారై...

ఈ ఎపిసోడ్‌ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పక్కన ఎవరూ లేనప్పుడు చూస్తున్నవాళ్లు చాలామందే ఉంటారని తెలుసు. పర్లేదు, చూడండి. అబ్బాయిలు కూడా స్కిప్ చెయ్యకండి.

ఇవాళ్టి టాపిక్ హార్మోన్ లూప్. ఇంగ్లీష్ 'టి' అక్షరం ఆకారంలో, మూడు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ పొడవుండే చిన్న ప్లాస్టిక్ వస్తువు. డాక్టర్ దాన్ని గర్భసంచిలో పెడతారు. దాని కాడలో 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉంటుంది. ఈ పేరు మీకు కొత్త కాదు, మెడికల్ షాపులో దొరికే ఐ-పిల్‌లో ఉండేది కూడా ఇదే మందు. ఆ ఒక్క మాత్రలో 1.5 మిల్లీగ్రాములుంటే, లూప్ మొదట్లో రోజుకి 20 మైక్రోగ్రాముల చొప్పున వదులుతుంది. అంటే ఒక మాత్రలో ఉన్న మందుతో లూప్ 75 రోజులు నెట్టుకొస్తుందన్నమాట.

మరి ఇంత చిన్న వస్తువు తయారవడానికి అరవై ఏళ్లు ఎందుకు పట్టింది? నన్నడిగితే ఈ చరిత్ర అంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: బ్లీడింగ్. ఆడవాళ్లు "నాకు రక్తం ఎక్కువ పోతోంది" అన్నప్పుడు ఎవరు విన్నారు, ఎవరు వినలేదు అన్నదే అసలు కథ.

1909లో రిక్టర్ అనే జర్మన్ డాక్టర్ పట్టుపురుగు నుంచి తీసిన దారాన్ని రింగులా చుట్టి గర్భసంచిలో పెట్టి చూశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత బెర్లిన్‌లో ఎర్నెస్ట్ గ్రాఫెన్‌బర్గ్ అనే డాక్టర్ వెండి తీగతో రింగు చేశాడు. ఆ వెండిలో రాగి కలిసి ఉందని తర్వాత తేలింది. రాగి పవర్ ఏంటో అప్పటికి ఎవరికీ తెలీదు! గ్రాఫెన్‌బర్గ్ యూదుడు. నాజీలు జైల్లో వేశారు. బయటపడి అమెరికా వెళ్లిపోయాడు. (అవును, ఆ 'జి' స్పాట్‌లో 'జి' ఈయనే. కామెంట్స్‌లో ఎలాగూ అడుగుతారని ముందే చెప్పేశా.)

ఇక 1960ల్లోకి వద్దాం. అమెరికాలో జాక్ లిప్పెస్ పాములా మెలికలు తిరిగిన ప్లాస్టిక్ లూప్ తయారుచేశాడు. చవక. ఒకసారి పెడితే మళ్లీ గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు. జనాభా పెరుగుతోందని కంగారు పడుతున్న ఢిల్లీకి ఇది వరంలా కనిపించింది. 1965లో భారత ప్రభుత్వం లిప్పెస్ లూప్‌ని కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి తెచ్చింది. క్యాంపులు పెట్టారు, టార్గెట్లు పెట్టారు, లక్షల మందికి లూపులు వేశారు.

రెండేళ్లు తిరిగేసరికి గ్రాఫ్ కిందకి పడింది. ఎందుకంటే లూప్ వేసుకున్నాక నెలసరిలో రక్తం ఎక్కువ పోయేది, నొప్పి వచ్చేది. మన దేశంలో అసలే రక్తహీనత. ఆ మాట చెప్పుకోడానికి వెనక్కి వస్తే చూసేవాళ్లు లేరు, క్యాంపు ఎప్పుడో ఎత్తేశారు. చెప్పేవాళ్లు లేనిచోట పుకార్లు పుడతాయి కదా, లూప్ ఒంట్లో పైకి పాకిపోతుందని ఊరూరా భయం పట్టుకుంది. అధికారులు "జనానికి అవగాహన లేదు" అని తేల్చేశారు. నిజానికి ఆ ఆడవాళ్లకి ఉన్నంత అవగాహన ఆఫీసుల్లో లేదు. పోయేది వాళ్ల రక్తం.

ఇక్కడే మన తెలుగాయన ఒకరు వస్తారు. రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ 1967లో కేంద్ర ఆరోగ్య, కుటుంబ నియంత్రణ మంత్రి అయ్యారు. ఆయన నమ్మకం లూప్ మీద కాదు, ఆపరేషన్ మీద, అదీ మగవాళ్ల ఆపరేషన్ మీద. తర్వాత ఎమర్జెన్సీలో జరిగిన బలవంతపు వేసెక్టమీలు మీకు తెలిసినవే. ఆ దెబ్బకి మగవాళ్ల ఆపరేషన్ అనే మాట ఎత్తడానికే ప్రభుత్వాలు భయపడ్డాయి. భారం మొత్తం ఆడవాళ్ల మీదకి జరిగింది.

అవతల ల్యాబుల్లో పని ఆగలేదు. చిలీలో హైమే జిప్పర్ రాగి తీగ గర్భం రాకుండా ఆపుతుందని కుందేళ్ల మీద గమనించాడు. అమెరికాలో హోవర్డ్ టాటమ్ 'టి' ఆకారం కనిపెట్టాడు. రెండూ కలిస్తే మనకు తెలిసిన కాపర్-టి. మంచి పరికరమే, కానీ బ్లీడింగ్ సమస్య అలాగే ఉంది. మధ్యలో డాల్కన్ షీల్డ్ అనే లూప్ అమెరికాలో ఇన్‌ఫెక్షన్లు తెచ్చి, 1974లో అమ్మకాలు ఆగిపోయి, కంపెనీనే దివాలా తీయించింది. దాంతో అక్కడ లూప్ అంటేనే జనం హడలిపోయారు.

షికాగోలో ఆంటోనియో స్కొమ్మెన్యా ఆలోచన వేరు. గర్భసంచి లూప్‌ని బయటికి నెట్టేయకుండా ఉండాలంటే అందులోనే హార్మోన్ పెడితే? అలా 1976లో ప్రొజెస్టాసర్ట్ వచ్చింది. కానీ అందులో మందు ఏడాదికే అయిపోయేది. ఫిన్లాండ్‌లో తపానీ లూక్కైనెన్ బృందం ఆ హార్మోన్ బదులు లెవోనార్జెస్ట్రెల్ వాడింది. చాలా తక్కువ మోతాదు చాలు కాబట్టి ఏళ్ల తరబడి వస్తుంది. ఆ మందు గర్భసంచి లోపలి పొరని పల్చగా ఉంచుతుంది, ముఖద్వారం దగ్గర జిగురుని చిక్కగా చేసి వీర్యకణాల్ని అడ్డుకుంటుంది. పొర పల్చబడితే పోయే రక్తమూ తగ్గుతుంది కదా. వాడినవాళ్లలో హిమోగ్లోబిన్ పెరిగింది! లూప్ చరిత్రలో ఇది పూర్తిగా రివర్స్. 1990లో ఫిన్లాండ్‌లో మార్కెట్‌లోకి వచ్చింది, మిరెనా పేరుతో అమెరికా 2000లో అనుమతించింది.

ఆశ్చర్యం ఏంటంటే, మన ఐసీఎంఆర్ దీన్ని 1980ల్లోనే కాపర్-టితో పోల్చి పరీక్షించి, 1989లో ఫలితాలు అచ్చువేసింది. గర్భం ఆపడంలో బాగా పనిచేసింది. కానీ నెలసరి తప్పిందని, ఆగిందని తీయించుకున్నవాళ్లూ ఉన్నారు. నెలసరి రాకపోతే చెడు రక్తం లోపలే పేరుకుంటుందని మన ఇళ్లల్లో ఇప్పటికీ అంటారు. అలా ఏమీ పేరుకోదు, పొరే సరిగా ఏర్పడదు కాబట్టి పోవాల్సింది ఉండదు, అంతే. ఈ రెండు ముక్కలు పెట్టేముందే చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేసే లూపులు మాత్రం కాపర్‌వే.

ఇప్పుడు మన రాష్ట్రాలకి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, దేశంలోనే టాప్. చాలామందికి ఇరవైల్లోనే అయిపోతుంది. దానికి ముందు సర్వేలో ఇంకో లెక్క ఉంది: 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రాలో 8.9 శాతం, తెలంగాణలో 7.7, దేశం మొత్తంమీద 3.2. ఎక్కువమంది చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. అమెరికా 2009లో ఈ లూప్‌ని అధిక రక్తస్రావానికి చికిత్సగా కూడా ఒప్పుకుంది. అంటే గర్భసంచి తీసేయక ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, మన అమ్మల్లో, పిన్నుల్లో ఎంతమందికి ఆ ప్రశ్న ఎవరైనా చెప్పారు?

పెట్టించుకోవాలనుకుంటే ఇవి వినండి. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా బ్లీడింగ్ కావచ్చు. పెట్టేటప్పుడు నొప్పి ఉంటుంది, దానికి ఏం చేస్తారో ముందే అడగండి. లైంగిక వ్యాధుల నుంచి ఇది కాపాడదు, దానికి కండోమే. బ్రెస్ట్ క్యాన్సర్ ఉన్నవాళ్లకి పనికిరాదు. పిల్లలు కావాలనుకుంటే డాక్టర్ దగ్గరికెళ్లి తీయించుకోవడమే, ఎనిమిదేళ్లూ ఆగక్కర్లేదు.