మెడ గడ్డలన్నీ క్షయ కావు

రెజిమెంటల్ బజార్ (సికింద్రాబాద్): మెడపై గడ్డ కనిపించి, సాయంత్రం వేళ జ్వరం తగులుతుంటే పెద్దలకు ముందుగా స్ఫురించేది గండమాల, అనగా గ్రంథుల క్షయ. మన దేశంలో క్షయ అధికం కనుక ఆ అనుమానం సహేతుకమే. అయితే ఇవే లక్షణాలతో వచ్చే మరో వ్యాధి హాడ్జ్‌కిన్ లింఫోమా. ఇది లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సర్. సకాలంలో గుర్తిస్తే అత్యధికులకు నయమవుతుంది. పరీక్ష లేకుండా క్షయ మందులతో కాలం గడిపితే ముదిరిపోతుంది. 1832లో లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ దీనిని తొలిసారి వివరించారు.

తొలి దశలో..

సాధారణంగా మెడపై గానీ, కంటె ఎముక పైభాగాన గానీ నొప్పి లేని గడ్డ ఏర్పడుతుంది. తాకితే రబ్బరు వలె ఉంటుంది. కొన్నాళ్లు తగ్గినట్లు కనిపించి తిరిగి పెరగవచ్చు. నొప్పి లేకపోవడం, తగ్గినట్లు భ్రమ కల్పించడం వల్లనే రోగులు జాప్యం చేస్తారు. యువతలో ఎక్కువగా, మన దేశంలో పిల్లలలో సైతం ఈ వ్యాధి కనిపిస్తుంది.

ముదిరే కొద్దీ..

వ్యాధి ఒక గ్రంథి నుంచి పక్క గ్రంథికి వరుసగా పాకుతుంది. ఛాతీ లోపలి గ్రంథులు ఉబ్బితే పొడిదగ్గు, ఆయాసం మొదలవుతాయి. జ్వరం, పక్కబట్టలు తడిసేంతగా రాత్రి చెమటలు, ఆరు నెలల్లో పదో వంతుకు మించి బరువు తగ్గడం తీవ్రతకు సూచనలు. కొందరికి ఒళ్లంతా దురద పుడుతుంది. కొందరిలో జ్వరం వారం రెండు వారాలు ఉండి, అంతే కాలం విరామమిచ్చి మళ్లీ వస్తుంది. చివరి దశలో ప్లీహం, కాలేయం, ఎముక మజ్జ దెబ్బతిని రక్తహీనత, కామెర్లు, ఎముకల నొప్పులు బాధిస్తాయి.

ముక్క పరీక్షే కీలకం

సూది పరీక్ష ఒక్కటే పలు సందర్భాలలో చాలదు. గడ్డను తీసి బయాప్సీ చేస్తేనే రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు బయటపడి వ్యాధి నిర్ధారణ అవుతుంది. అంతకుముందే స్టెరాయిడ్ మాత్రలు వాడితే గడ్డ తాత్కాలికంగా కరిగి నిర్ధారణ క్లిష్టమవుతుంది. క్షయ మందులు వాడుతున్నా గడ్డ పెరుగుతుంటే తిరిగి పరీక్ష కోరాలి.

బిళ్ళగన్నేరు మందు

దశాబ్దాలుగా వాడుకలో ఉన్న నాలుగు మందుల కీమోథెరపీలో విన్‌బ్లాస్టిన్ ఒకటి. ఇది మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి 1958లో వేరుచేసిన ఔషధం. అయితే ఆకులు నమలడం చికిత్స కాదు, అది విషతుల్యం. తొలి దశలో సరైన చికిత్స అందితే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది కోలుకుంటారు. ముదిరినవారిలోనూ అధికులు బతికి బయటపడుతున్నారు.

నయమైనా..

కొన్నేళ్ల తరువాత గుండె, ఊపిరితిత్తులు, థైరాయిడ్ సమస్యలు తలెత్తవచ్చు. చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ పొందిన మహిళలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుచేత పొగతాగడం మాని, ఏటా పరీక్షలు చేయించుకోవాలి.

ఎక్కడ సంప్రదించాలి?

ఒకప్పుడు సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ సమీపాన ఉండి, 2003లో ముషీరాబాద్‌కు తరలిన గాంధీ ఆసుపత్రిలో గడ్డను చూపించుకోవచ్చు. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో చికిత్స లభిస్తుంది. గడ్డ మూడు నాలుగు వారాలకూ తగ్గకుంటే వైద్యుని వద్దకు వెళ్లడం ఎంతమాత్రం వాయిదా వేయరాదు.