ఫోన్ స్క్రీన్ పగిలిందా? ఇంట్లోనే మార్చేద్దాం అనుకుంటున్నారా? ముందు ఇవి తెలుసుకోండి.. టూత్‌పేస్ట్ చిట్కాలతో పనవ్వదు!

చేతిలోంచి జారింది.. సిమెంట్ గట్టు మీద బోర్లా పడింది.. తీసి చూస్తే అద్దం నిండా సాలెగూడు. బందరు కోనేరు సెంటర్‌లో అయినా, గుడివాడ బస్టాండ్‌లో అయినా, నాగాయలంక రేవులో అయినా సీన్ ఒకటే. ఆ తర్వాత చాలామంది చేసే పనీ ఒకటే. ఇంట్లో ఇంకొకరి ఫోన్ తీసుకుని 'స్క్రీన్ మనమే మార్చుకోవడం ఎలా' అని వీడియోలు వెతకడం. ఐదు నిమిషాల వీడియోలో అంతా ఈజీగానే కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో తీసేసిన రెండు గంటల్లోనే అసలు కథ ఉంటుంది.

దిగువ కృష్ణా వాళ్లకి ఈ ఆలోచన రావడానికి కారణం ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్ అనగానే బస్సెక్కాల్సింది ఎక్కువగా విజయవాడకే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా దారి మాత్రం మారలేదు. మచిలీపట్నం నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. కోడూరు, నాగాయలంక నుంచి అయితే ఇంకా ఎక్కువ. పోను, రాను ఒక రోజు కూలి పోయినట్టే. పైగా ఈ రోజుల్లో ఫోన్ లేకపోతే గ్యాస్ బుకింగ్ ఓటీపీ దగ్గర్నుంచి చేపల బేరం డబ్బుల దాకా అన్నీ ఆగిపోతాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్, 2025 అక్టోబర్‌లో మొంథా తుపాన్ల సమయంలో హెచ్చరికలు వచ్చిందీ ఈ ఫోన్‌కే. అందుకే "నేనే విప్పి చూస్తా" అనే తొందర.

ముందు పగిలింది ఏదో చూడండి

నవ్వొచ్చే విషయమే కానీ, చాలాసార్లు పగిలేది పైన అతికించిన టెంపర్డ్ గ్లాస్ మాత్రమే. గోరుతో అంచు పట్టుకుని మెల్లగా లేపి చూడండి. కింద అద్దం నున్నగా ఉంటే బతికిపోయినట్టే.

అసలు స్క్రీన్ మూడు పొరల శాండ్‌విచ్ లాంటిది. పైన గట్టి అద్దం. దాని కింద వేలి స్పర్శను పట్టే టచ్ పొర. ఆ కింద బొమ్మ చూపించే డిస్‌ప్లే (ఎల్‌సీడీ లేదా ఓలెడ్). అద్దం మీద గీతలున్నా టచ్ పనిచేస్తూ బొమ్మ బాగుంటే పై అద్దం ఒక్కటే పోయినట్టు. ఒక పక్క టచ్ తీసుకోకపోయినా, దానంతటదే నొక్కుకుంటున్నా టచ్ పొర దెబ్బతిన్నట్టు. సిరా ఒలికినట్టు నల్ల మచ్చలు, నిలువు గీతలు వస్తే డిస్‌ప్లే పోయినట్టు. ఓలెడ్‌లో ఈ నల్ల మచ్చ రోజురోజుకీ పాకుతుంది. ఇంకో నెల నెట్టుకొద్దాం అనుకోవద్దు.

తడి చేత్తో, ఉప్పునీటి చేత్తో పట్టుకున్నప్పుడు కూడా టచ్ పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఈ టచ్ ఒత్తిడితో పనిచేయదు. అద్దం కింద కంటికి కనిపించని ఇండియం టిన్ ఆక్సైడ్ గీతలుంటాయి. వేలు తగిలినచోట విద్యుత్ ఆవేశంలో వచ్చే చిన్న మార్పును అవి పట్టుకుంటాయి. ఉప్పునీరు కరెంటును బాగా పంపిస్తుంది కాబట్టి చుక్క పడినా వేలే అనుకుంటుంది. గిలకలదిండిలో వల లాగే చేతులకీ, రొయ్యల చెరువు గట్టు మీద మేత వేసే చేతులకీ ఈ సంగతి అనుభవమే. కాబట్టి టచ్ పోయిందని తేల్చేముందు ఒకసారి పొడి గుడ్డతో తుడిచి చూడండి.

టూత్‌పేస్ట్, వంట సోడా.. ఏవీ పనిచేయవు

రీల్స్‌లో తెగ తిరిగే చిట్కా ఇది. పగులు మీద టూత్‌పేస్ట్ రుద్దితే మాయమైపోతుందట! టూత్‌పేస్ట్‌లో సన్నటి గరుకు పొడి ఉంటుంది. ప్లాస్టిక్ మీద చిన్న గీతలైతే కాస్త మసకబారొచ్చు. ఫోన్ అద్దం పగులు వేరు. ఆ అద్దాన్ని తయారీలోనే కరిగించిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. అద్దంలోని చిన్న సోడియం అయాన్లు బయటకు వచ్చి, పెద్ద పొటాషియం అయాన్లు లోపల ఇరుక్కుంటాయి. ఆ బిగువే అద్దానికి బలం. ఒక్కసారి చీలిక లోతుకు దిగితే ఆ బిగువు తిరిగి రాదు. పేస్ట్ రుద్దితే వచ్చేదల్లా పగుళ్లలోంచి తడి లోపలికి పోవడం, పై పూత పోవడం. సూపర్ గ్లూ పోస్తే ఇంకా ఘోరం. డిస్‌ప్లే మీద శాశ్వతంగా తెల్లటి మచ్చ మిగులుతుంది.

మార్చే వరకూ చేయగలిగింది ఒక్కటే.. పారదర్శకంగా ఉండే వెడల్పు ప్యాకింగ్ టేప్ స్క్రీన్ మొత్తానికీ అతికించండి. గాజు ముక్కలు వేలికి గుచ్చుకోవు, తడీ తగ్గుతుంది.

స్క్రూ విప్పే ముందు.. మీ ఫొటోలు, డబ్బులు, కాంటాక్టులు

అందరూ వదిలేసేది ఇదే. ఫోన్ ఖరీదు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. పాప మొదటి అడుగు వీడియో, చనిపోయిన తాతయ్య వాయిస్ మెసేజ్ ఎక్కడ దొరుకుతాయి? ఇంట్లో విప్పినప్పుడు మదర్‌బోర్డ్ మీద ఒక చిన్న పిన్ను వంగినా ఫోన్ మళ్లీ ఆన్ కాకపోవచ్చు.

మొదట సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేయండి. కాల్స్, ఓటీపీలు ఆగవు. టచ్ దానంతటదే నొక్కుకుంటుంటే ఫోన్ వెంటనే ఆఫ్ చేయండి. తప్పు పిన్‌లు పడి పడి లాక్ అయిపోయే ప్రమాదం ఉంది.

బొమ్మ కనిపిస్తూ టచ్ మాత్రం పోయిన ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఒక చక్కటి దారి ఉంది. ఓటీజీ అడాప్టర్ అని చిన్న ముక్క దొరుకుతుంది. ఛార్జింగ్ పిన్‌లో అది పెట్టి, కంప్యూటర్‌కి వాడే మామూలు యూఎస్‌బీ మౌస్ తగిలించండి. స్క్రీన్ మీద బాణం గుర్తు వస్తుంది. దానితో పిన్ కొట్టొచ్చు, యాప్స్ తెరవొచ్చు, అన్నీ చేయొచ్చు. వాట్సాప్‌ను గూగుల్ డ్రైవ్‌కి బ్యాకప్ చేయండి. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకో, గూగుల్ ఫొటోస్‌లోకో పంపండి. ఒక చిక్కు ఏంటంటే కొన్ని బ్రాండ్లలో ఓటీజీని సెట్టింగ్స్‌లో ఆన్ చేసి పెట్టాలి. కాసేపు వాడకపోతే దానంతటదే ఆఫ్ అవుతుంది కూడా. టచ్ పోయాక ఆ సెట్టింగ్‌కి వెళ్లడం కష్టం. అందుకే స్క్రీన్ సగం పనిచేస్తున్నప్పుడే ఈ పని కానిచ్చేయాలి.

ఇంకో మాట. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశాక మొదటిసారి వేలిముద్ర తీసుకోదు, పిన్ గానీ ప్యాటర్న్ గానీ కచ్చితంగా అడుగుతుంది. అది గుర్తులేకపోతే ముందే వెతికి పెట్టుకోండి.

ఇంట్లో ఏది కుదురుతుంది, ఏది కుదరదు

పదేళ్ల కిందటి చవక ఫోన్లలో టచ్ గ్లాస్ వేరు, డిస్‌ప్లే వేరు. మధ్యలో గాలి ఖాళీ ఉండేది. అంచుల్లో గమ్ము వేడి చేసి పాతది లాగి, కొత్త టచ్ అతికిస్తే సరిపోయేది. "టచ్ మార్చడం" అనే మాట అప్పటిదే. ఇప్పుడు మూడు పొరలూ ఓసీఏ అనే పారదర్శక జిగురు షీట్‌తో కలిపి ఒకటే ముద్దగా వస్తున్నాయి. షాపుల్లో దీన్నే కాంబో అంటారు, కొందరు ఫోల్డర్ అంటారు.

పై అద్దం ఒక్కటే మార్చాలంటే వేడి ప్లేట్ మీద పెట్టి సన్నటి తీగతో అద్దాన్ని కోసి తీయాలి. పాత జిగురు తుడిచి, కొత్త షీట్ వేసి, గాలి లేకుండా నొక్కే మెషీన్‌లో పెట్టాలి. మిగిలిన బుడగలు తీయడానికి మళ్లీ ఇంకో మెషీన్. హెయిర్ డ్రయర్, బ్లేడుతో ఇది అయ్యే పని కాదు. ఓలెడ్ అయితే కాస్త వంగినా పోయినట్టే. కాబట్టి గ్లాస్ ఒక్కటే పోతే, ఓసీఏ మెషీన్ ఉన్న షాపుకే ఇవ్వడం మేలు.

మొత్తం కాంబో మార్చడం మాత్రం ఓపిక ఉన్నవాళ్లకి ఇంట్లో కుదురుతుంది. అందులోనూ రెండు రకాలు దొరుకుతాయి. ఫ్రేమ్‌తో వచ్చేదానికి ధర ఎక్కువ. మదర్‌బోర్డ్, బ్యాటరీ తీసి కొత్త ఫ్రేమ్‌లో బిగించాలి, అయినా డిస్‌ప్లే విరిగే భయం లేదు. ఫ్రేమ్ లేనిది చవక. కానీ పాత డిస్‌ప్లేను వేడి చేసి ఫ్రేమ్ నుంచి ఊడదీయాలి. మొదటిసారి చేసేవాళ్లు ఫ్రేమ్‌తో ఉన్నదే తీసుకోవడం మంచిది.

ఐఫోన్‌లో సొంతంగా మార్చితే 'తెలియని పార్ట్' అని సెట్టింగ్స్‌లో మెసేజ్ రావొచ్చు, ట్రూ టోన్ పోవచ్చు. అంచులు వంగిన స్క్రీన్లు, మడత ఫోన్లు ఉన్నవాళ్లు అసలు చేయి పెట్టకపోవడమే మంచిది. స్క్రీన్ లోపలే వేలిముద్ర సెన్సర్ ఉన్న ఫోన్లలో, కాపీ డిస్‌ప్లే వేస్తే వేలిముద్ర పనిచేయకపోవడం మామూలే.

ఇక విప్పడం..

పార్ట్ కొనేముందు 'అబౌట్ ఫోన్'లో మోడల్ నంబర్ అక్షరంతో సహా రాసుకోండి. ఒకే పేరుతో 4జీ, 5జీ రెండూ ఉంటాయి, డిస్‌ప్లేలు వేరు. కావాల్సినవి సన్న స్క్రూడ్రైవర్ల సెట్, ప్లాస్టిక్ పిక్‌లు, సక్షన్ కప్పు, హెయిర్ డ్రయర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అతికించడానికి బీ-7000 లాంటి గమ్ము.

బ్యాటరీ ఛార్జింగ్ 25 శాతం కంటే తగ్గాకే మొదలుపెట్టండి. నిండుగా ఉన్న లిథియం బ్యాటరీకి పొరపాటున మొన తగిలితే మంట అంటుకునే ప్రమాదం ఎక్కువ. ఫ్యాన్ ఆపేయండి, లేకపోతే ఆవగింజంత స్క్రూలు ఎగిరిపోతాయి. సిమ్ ట్రే బయటకు తీయండి. మరిచిపోతే బోర్డ్ లేపేటప్పుడు అదే అడ్డుపడుతుంది.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు వెనక నుంచి విప్పాలి. బ్యాక్ ప్యానెల్ అంచుల్ని వేడి చేసి, సక్షన్ కప్పుతో కాస్త లేపి, పిక్ దూర్చి చుట్టూ తిప్పాలి. చేత్తో పట్టుకోలేనంత వేడి వద్దు. పిక్‌ను లోతుకు తోయొద్దు, లోపల ఫ్లెక్స్ కేబుల్ తెగుతుంది. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డ్‌కే చిల్లు. లోపల మొట్టమొదట తీయాల్సింది బ్యాటరీ కనెక్టర్. మిగతా ఏ కేబుల్ అయినా ఆ తర్వాతే. అదీ ఇనుముతో కాదు, ప్లాస్టిక్‌తో.

చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేసేవాళ్ల చేతుల్ని చూసినవాళ్లకి ఈ పని ఎంత నిదానంగా చేయాలో వేరే చెప్పక్కర్లేదు.

కొత్త కాంబోను అతికించకముందే కేబుల్ తగిలించి, బ్యాటరీ కలిపి ఆన్ చేసి చూడండి. నాలుగు మూలలా టచ్, బ్రైట్‌నెస్, రంగులు, కాల్ వచ్చినప్పుడు చెవి దగ్గర స్క్రీన్ ఆఫ్ అవుతుందా లేదా.. అన్నీ చూశాకే పై ప్లాస్టిక్ పీకి గమ్ము వేయాలి. గమ్ము పడ్డాక చాలామంది షాపువాళ్లు వెనక్కి తీసుకోరు. పాత గమ్మును ఆల్కహాల్‌తో తుడిచి, సన్నటి గీతలా కొత్తది వేసి, రబ్బరు బ్యాండ్లతో బిగించి రాత్రంతా వదిలేయండి. పూర్తిగా గట్టిపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఒకసారి విప్పిన ఫోన్‌కి బాక్స్ మీద ఐపీ68 అని ఉన్నా నీళ్ల నుంచి రక్షణ పోయినట్టే లెక్క. మంగినపూడి బీచ్‌లో సెల్ఫీకి, పడవ మీద వేటకి ఆ ఫోన్ తీసుకెళ్తే ప్లాస్టిక్ పౌచ్ తప్పనిసరి. తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టడం మన వైపు అలవాటు. బియ్యంలోని పొడి లోపలికి పోయి పాడుచేస్తుందని ఆపిల్ 2024లోనే వద్దని చెప్పింది.

షాపుకి ఇస్తే ఏం అడగాలి

అమెరికాలో ఆపిల్, శాంసంగ్ 2022 నుంచి మామూలు జనానికే ఒరిజినల్ పార్టులు, గైడ్లు అమ్ముతున్నాయి. మన దేశంలో అదే ఏడాది డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. కంపెనీల సర్వీస్ సెంటర్లు, వారంటీ వివరాలు అందులో చూడొచ్చు. ఒరిజినల్ డిస్‌ప్లే ధర ముందే తెలిస్తే ఊళ్లో బేరం ఆడటం తేలిక.

ఒరిజినలా, కాపీనా? ఓలెడ్ ఫోన్‌కి చవక ఎల్‌సీడీ వేస్తున్నారా? అని నేరుగా అడగండి. ఎల్‌సీడీ వేస్తే నలుపు రంగు బూడిదగా కనిపిస్తుంది. బిల్లు మీద ఎన్ని రోజుల గ్యారంటీయో రాయించుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, కానీ బిల్లు లేకపోతే మాటకు బలం ఉండదు.

పిన్ చెప్పి ఫోన్ వదిలేసి రావొద్దు. శాంసంగ్‌లో 'మెయింటెనెన్స్ మోడ్', పిక్సెల్‌లో 'రిపేర్ మోడ్' ఉంటాయి. ఆన్ చేసి ఇస్తే రిపేర్ చేసే వ్యక్తికి మీ ఫొటోలు, యాప్స్ కనిపించవు. ఇవి లేని ఫోన్ అయితే ఎదురుగా కూర్చుని చేయించుకోండి.

చివరగా పాత డిస్‌ప్లే సంగతి. అద్దం పగిలినా లోపల బొమ్మ బాగున్న ఒరిజినల్ డిస్‌ప్లేకి మార్కెట్‌లో రేటు ఉంటుంది. దానికి కొత్త గ్లాస్ వేసి మళ్లీ అమ్ముతారు. షాపులో మార్పిస్తే పాతది వెనక్కి అడగండి, లేదంటే దాని ధర బిల్లులో తగ్గించమనండి.