సిస్‌స్టాట్

సిస్‌స్టాట్ లినక్స్ సర్వర్ల పనితీరును కొలిచే కమాండ్ల ప్యాకేజీ. సార్, ఐఓస్టాట్, ఎంపీస్టాట్, పిడ్‌స్టాట్ ఇందులో ముఖ్యమైనవి. మామూలుగా గ్రాఫులు, రంగుల బొమ్మలు ఉండవు. కమాండ్ కొడితే అంకెల వరుసలు తెర మీద పడతాయి.

సార్ మూలం ఏటీ అండ్ టీ వారి యూనిక్స్ సిస్టమ్ ఫైవ్. 1984లో విలియం లెఫెబ్వ్ర్ రాసిన టాప్ కమాండ్ ఈ క్షణంలో ఏ ప్రోగ్రామ్ ఎంత సీపీయూ తింటోందో చూపేది, నిన్న రాత్రి సంగతి అడిగితే చెప్పలేదు. సార్‌కు ఆ లోటు లేదు; దాచిన పాత కొలతలనూ చూపుతుంది. లినక్స్‌కు ఈ సాధనాలను ఫ్రాన్స్‌కు చెందిన సెబాస్టియన్ గొడార్ 1990ల చివర్లో కొత్తగా రాశాడు. అంతకు కొంచెం ముందు, 1995లో, ఫిన్లాండ్‌లో తాతు ఉలోనెన్ తెచ్చిన ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరంలో ఉన్న సర్వర్లోకి భద్రంగా లాగిన్ అయి ఇలాంటి కమాండ్లు కొట్టడం కుదిరింది.

ప్యాకేజీని ఎక్కించడం ఒక్క కమాండ్ పని. చిక్కు ఆ తర్వాతే. డెబియన్, ఉబుంటుల్లో చాలా వెర్షన్లు దీన్ని ఎక్కిస్తాయే గానీ, అంకెలు పోగుచేసే పనిని ఆపే ఉంచుతాయి. ఈటీసీ కింద డిఫాల్ట్ డైరెక్టరీలోని సిస్‌స్టాట్ ఫైలు తెరిచి, ‘ఎనేబుల్డ్’ ఎదురుగా ఉన్న ‘ఫాల్స్’ను ‘ట్రూ’ చేసి, సర్వీసును మళ్లీ మొదలుపెట్టాలి. ఈ ఒక్క మాట మార్చకపోతే, సర్వర్ మొరాయించిన రోజున సార్ దగ్గర చూపడానికి ఏమీ ఉండదు. మార్చితే, సాధారణంగా పది నిమిషాలకోసారి కొలత ఫైల్లో పడుతుంది. ఫైలు పేరు చివర తేదీ ఉంటుంది: పన్నెండో తేదీది ‘ఎస్ఏ12’. అది బైనరీ కాబట్టి క్యాట్ కమాండ్‌తో చదవలేం. ప్యాకేజీ వెర్షన్ మారితే పాత ఫైళ్లు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ఇదే ప్యాకేజీలోని ఎస్ఏడీఎఫ్ కమాండ్‌తో మార్చుకోవాలి.

కరెంటు పోయి సర్వరే ఆగిపోతే సంగతేమిటి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు భీమునిపట్నం సహా ఆ ప్రాంతమంతా రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేక అల్లాడింది. అలాంటప్పుడు ఆగిపోయిన సర్వర్ అంకెలు రాయలేదు. అయితే తిరిగి లేచినప్పుడు సార్ నివేదికలో ‘లినక్స్ రీస్టార్ట్’ అనే వరుస, సమయంతో సహా, పడుతుంది. చివరి కొలతకూ ఆ వరుసకూ మధ్య ఖాళీ చూస్తే యంత్రం ఎంతసేపు ఆగిందో పది నిమిషాల తేడాలో తెలిసిపోతుంది.

ఆ తర్వాత భీమునిపట్నం పరిసరాలకు సర్వర్ల వ్యాపారమే వచ్చింది. 2023 మే 3న మధురవాడలో అదానీ డేటా సెంటర్‌కు శంకుస్థాపన జరిగింది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడిని ప్రకటించింది. అందుకు ఎంచుకున్న స్థలాల్లో ఆనందపురం మండలం తర్లువాడ ఒకటి. ఈ రెండు ఊళ్లూ భీమునిపట్నం శాసనసభ నియోజకవర్గంలోవే.

వేల యంత్రాలున్న చోట ఒక్కోదానిలో లాగిన్ అయి చూడటం కుదిరే పని కాదు. అందుకే 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైన ప్రోమిథియస్ వంటి సాధనాలు అంకెలన్నీ ఒకచోటికి లాగుతాయి. అయితే ఏ యంత్రం తేడాగా ఉందో గ్రాఫు చూపాక, అడ్మిన్లు చాలాసార్లు ఎస్‌ఎస్‌హెచ్‌తో అందులోకి వెళ్లి కొట్టేది సార్ కమాండే.